రంగస్థలము నుండి నాట్యశాలకు

నాటకములోని పాట ఒంటరిగా పుట్టదు. దానికి ముందు ఒక సంభాషణ ఉండును. దాని వెనుక ఒక నిశ్శబ్దము ఉండును. పాడువారెవరు, ఎవరిని ఉద్దేశించి పాడుచున్నారు, మాటతో సరిపుచ్చక పాటనే ఏల ఆశ్రయించినారు అను మూడు సంగతులు తెలిసినగాని ఆ పాట మనకు పూర్తిగా దక్కదు. మన పద్యనాటకములను చూచినవారికి ఇది క్రొత్త విషయము కాదు. రాయబారపు పద్యములను గ్రామఫోను రికార్డులపై విని ఆనందించినవారు సైతము, వానినే కౌరవసభలో నిలిచిన శ్రీకృష్ణుని నోట విన్నప్పుడు వేరొక వేడిని అనుభవించియుందురు.

అట్టి పాటను నాటకము నుండి విడదీసి, దాని క్రింద నిమిషమునకు సుమారు 120 దెబ్బలు కొట్టు డోలు నుంచి, నాట్యశాలలో ఆడువారి కొరకు తిరిగి రికార్డు చేసినచో ఏమగును? 1970వ దశకమున అమెరికాలో ఈ పని విరివిగా జరిగినది. న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకశాలలలో పుట్టిన పాటలు అనేకము డిస్కో రూపము దాల్చినవి. వానిలో కొన్నింటిని గూర్చి ఈ పూట ముచ్చటింతము. ఇందు మాకు స్వప్రయోజనము కూడ లేకపోలేదు. పాటను దాని సందర్భము నుండి విడదీసి, పేరు చెప్పి, మీ ఇంటిలోనికి పంపుటయే రేడియోలో మా నిత్యకృత్యము గదా!

ముందుగా డిస్కో స్వరూపమును కొంచెము చెప్పవలెను. ప్రతి అక్షరకాలమునకును పెద్ద డోలుపై తప్పని దెబ్బ ఒకటి. నడుమ నడుమ తాళపు చిప్పల సవ్వడి. పైన వయొలిన్ల వరుస, బూరల పలుకు. ఈ నడకను స్థిరపరచినవారిలో ఫిలడెల్ఫియా నగరపు డ్రమ్ము వాద్యకారుడు ఎర్ల్ యంగ్ ముఖ్యుడు. అయితే లయ ఒక్కటియే చాలదు; నిడివి కూడ కావలెను. 7 అంగుళముల రికార్డుపై పాట మూడు నాలుగు నిమిషములలో ముగిసిపోవును. ఆడువారికి కాళ్ళు కుదురుకొనులోపల సంగీతము ఆగిపోవును. టామ్ మౌల్టన్ అనునతడు ఈ లోపమును గమనించి, పాటలను పొడిగించుటయే తన వృత్తిగా చేసికొనినాడు. చిన్న ప్లేట్లు అయిపోయిన ఒకనాడు పాటను పెద్ద ప్లేటుపై కోయించగా, గాళ్ళు ఎడముగా పడి ధ్వని మరింత గంభీరముగా పలికినదట. 12 అంగుళముల డిస్కో రికార్డునకు మూలకథ ఇదియే. 1976లో సాల్‌సోల్ కంపెనీ అట్టి రికార్డును మొదటిసారిగా బజారులో అమ్మకమునకు పెట్టినది.

ఆ మౌల్టన్‌యే 1977లో గ్రేస్ జోన్స్ అను జమైకా దేశపు గాయని చేత ‘పోర్ట్‌ఫోలియో’ అను రికార్డు పాడించినాడు. దాని మొదటి ప్రక్కన మూడు పాటలు ఎడము లేకుండ, ఒకే డోలు నడకపై, 18 నిమిషములకు పైగా సాగును. మూడును బ్రాడ్వే పాటలే. స్టీవెన్ సోన్‌డ్‌హైమ్ వ్రాసిన ‘సెండ్ ఇన్ ది క్లౌన్స్’ మొదటిది. ‘ఎ కోరస్ లైన్’ నాటకములోని ‘వాట్ ఐ డిడ్ ఫర్ లవ్’ రెండవది. ‘యానీ’ లోని ‘టుమారో’ మూడవది. మూడు నాటకముల మూడు హృదయములను ఒకే దారమున గ్రుచ్చినారన్నమాట. ఆ దారము ఏ పాటకు ఏమి చేసినదో వేరువేరుగా చూడవలెను.

‘సెండ్ ఇన్ ది క్లౌన్స్’ 1973 నాటి ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’ లోనిది. డెసిరే అను నటి నడివయస్సులో తన పాత ప్రియుని తిరిగి కోరుకొనును. అతడు పడుచు భార్యను విడువలేక కాదనును. అప్పుడు ఆమె పాడు పాట ఇది. ఆ పాత్ర ధరించిన గ్లినిస్ జాన్స్ దీర్ఘముగా స్వరమును నిలుపగల గాయని కాదు. అందుచేత సోన్‌డ్‌హైమ్ చిన్న చిన్న వాక్యములు వ్రాసి, నడుమ ఊపిరికి చోటు విడిచినాడు. ఆ చోటులే పాటకు ప్రాణము! దుఃఖమును దిగమ్రింగుకొనుట మనకు వినబడునది అచ్చటనే. పైగా ఆ నాటకమంతయు మూడేసి మాత్రల వాల్ట్స్ నడకలపై అల్లబడినది. డిస్కోలో ఆ తూగు నాలుగు సమానమైన దెబ్బలకు ఒదిగిపోయినది. ఊపిరి చోటులలో వయొలిన్లు నిండినవి. గ్రేస్ జోన్స్ కంఠము గంభీరమైనదే, వినదగినదే. కాని డెసిరే అచ్చట లేదు. ఈ పాటకు నష్టమే జరిగినదని మా అభిప్రాయము.

రెండవ పాట సంగతి చిత్రమైనది. ‘ఎ కోరస్ లైన్’ 1975 నాటిది. నాటక బృందములో చోటు కొరకు పరీక్షకు వచ్చిన నర్తకుల కథ. వారిలో ఒకడు కాలు దెబ్బతిని పడిపోవును. ‘ఇక నాట్యము చేయలేని రోజు వచ్చినచో మీరేమి చేయుదురు?’ అని దర్శకుడు తక్కినవారిని అడుగును. దానికి జవాబుగా వచ్చు పాట ఇది. పేరును బట్టి పలువురు దీనిని ప్రణయగీతమని తలతురు. నిజమునకు ఇందలి ప్రేమ నాట్యముపైని ప్రేమ. నాట్యము ఆగిపోవు దినమును గూర్చిన పాటను, ఆగకుండ ఆడుచున్నవారి కొరకు పొడిగించి వాయించుట వింతగా తోచును. ఈ వింత రికార్డు చేసినవారికి తట్టినదో లేదో కాని, తెలిసి విన్నవారికి ఆ డోలు క్రింద ఒక బెంగ వినబడును. మొదటి పాటవలె ఇది చెడలేదు.

‘టుమారో’ను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆర్థికమాంద్యపు రోజులలో ఒక అనాథ బాలిక వీథిలో కుక్కపిల్లను చేరదీసి, రేపు బాగుండునని పాడుకొను పాట. ఎవరు పాడినను నడుచును.

ఈ సందర్భమున ఎథెల్ మెర్మన్‌ను తలపక తప్పదు. ఆమె 1908లో పుట్టినది. 1930లో గెర్‌ష్విన్ స్వరపరచిన ‘గర్ల్ క్రేజీ’ నాటకములో ‘ఐ గాట్ రిథమ్’ పాడి ఒక్కరాత్రిలో కీర్తి గడించినది. మైక్రోఫోను లేని రంగస్థలముపై నిలిచి చివరి వరుసలోని ప్రేక్షకునకు ప్రతి అక్షరము అందించిన కంఠము ఆమెది. అట్టి ఆమె 1979లో, 71 ఏండ్ల వయస్సులో, తన పాత నాటకాల పాటలతో సహా ఏడు పాటలను డిస్కో రికార్డుగా ఇచ్చినది! ఆమె తనకు అలవాటైన రీతిలోనే పాడినది. డోలు, తక్కిన హంగులు తరువాత చేర్చినారు. వినుచున్నపుడు ఒకే గదిలో రెండు గడియారములు వేరువేరుగా కొట్టుకొనుచున్నట్లు ఉండును. నవ్వు వచ్చును, నిజమే. కాని ఆ నవ్వు రికార్డును చూచియే గాని ఆమెను చూచి కాదు. లయ తన్ను తరుముచున్నను ఆమె ఒక్క అక్షరమునైనను మ్రింగలేదు.

లిండా క్లిఫర్డ్ 1978లో పాడిన ‘ఇఫ్ మై ఫ్రెండ్స్ కుడ్ సీ మీ నౌ’ ఇందుకు మారు ఉదాహరణ. 1966 నాటి ‘స్వీట్ చారిటీ’ నాటకములో చారిటీ అను యువతి డబ్బు తీసికొని ముక్కుమొగము తెలియనివారితో నాట్యమాడి బ్రదుకును. ఒకనాడు సినిమా నటుని ఇంటిలో అడుగిడి, తన భాగ్యమును తానే నమ్మలేక గంతులు వేయుచు పాడును. మొదటనే కాళ్ళ కొరకు పుట్టిన పాట. డిస్కోలో సహజముగా ఇమిడిపోయినది.

‘ఎవీటా’ పాట మరొక తీరు. అర్జెంటీనా అధ్యక్షుని భార్య ఎవా పెరోన్ భవనపు వసారాపై నిలిచి జనసమూహమునకు విన్నవించు ఘట్టమది. 1976లో రికార్డుగా వెలువడి, 1978లో లండన్‌లోను, 1979లో న్యూయార్కులోను రంగమెక్కిన ఆ కృతిని, రష్యాలో పుట్టి అమెరికా చేరిన బోరిస్ మిడ్నీ 1979లోనే ‘ఫెస్టివల్’ అను పేరుతో డిస్కోగా మార్చినాడు. నాటకములో ఆమె మాటలను మనము సందేహముతో వినవలెను. ఆమె పలుకులు హృదయము నుండి వచ్చుచున్నవా, రాజకీయము నుండి వచ్చుచున్నవా అని తర్కించుకొనవలెను. ఆడుచు ఎవరును సందేహింపలేరు. అందుచేత స్వరము మిగిలినది, వ్యంగ్యము పోయినది.

ఆ 1979 జూలై 12వ తేదీన చికాగో నగరపు కోమిస్కీ పార్కులో, రెండు బేస్‌బాల్ ఆటల నడుమ, డిస్కో రికార్డులను కుప్పపోసి ప్రేలుడు పదార్థములతో పేల్చివేసిరి. జనము మైదానముపైకి విరుచుకొనిపడుటచే రెండవ ఆట సాగలేదు. సంగీతముపై విసుగు మాత్రమే దీనికి కారణము కాదని తరువాత పలువురు విమర్శకులు వ్రాసినారు. ఏలన, డిస్కోను పెంచి పోషించినవారు నల్లజాతివారు, లాటిన్ అమెరికా ప్రజలు, పురుషులను ప్రేమించు పురుషులు. సంఘములో తలయెత్తుకొని తిరుగుటకు చోటులేని పలువురకు ఆ నాట్యశాలలు ఆశ్రయములైనవి.

ఆ తరువాత నాలుగేండ్లకు, అనగా 1983 ఆగస్టులో, బ్రాడ్వేలో ‘లా కాజ్ ఓ ఫోల్’ ప్రదర్శింపబడినది. పాటలు జెర్రీ హెర్మన్‌వి. ఫ్రాన్సు సముద్రతీరమున నాట్యశాల నడుపు జార్జ్, అచ్చట స్త్రీవేషమున పాడు ఆల్బిన్ చిరకాలముగా దంపతులవలె జీవించుచుందురు. జార్జ్ కుమారుని ఇరువురును పెంచినారు. ఆ కుమారునకు పెండ్లి కుదురును. వధువు తల్లిదండ్రులు వచ్చునపుడు ఆల్బిన్ ఇంట ఉండరాదని అతడు కోరును. పెంచిన చేతులను దాచివేయుమనుట! జార్జ్ ఈ మాటను ఆల్బిన్‌తో చెప్పవలసి వచ్చును.

ఇక్కడ హెర్మన్ చేసిన పని గమనింపదగినది. నాటకారంభమున నాట్యశాల బృందమంతయు కలిసి ‘మేమింతే’ అను అర్థము వచ్చు పాటను వినోదముగా పాడును. అది అతిథులను అలరించు పాట. మొదటి అంకము చివర, అవమానపు వార్త విన్న ఆల్బిన్ అదే స్వరమును ఎత్తుకొని, తక్కినవారిని పంపివేసి, ‘మేము’ తీసివేసి ‘నేను’ అనును. ఒక్క సర్వనామము మారగానే వినోదము అభిమానముగా మారినది. పాట ముగియగానే అతడు తలపైని కృత్రిమ కేశములను పెరికి జార్జ్ వైపు విసిరి, ప్రేక్షకుల నడుమ నుండి నడచి వెళ్ళిపోవును. జార్జ్ హెర్న్ అను నటుడు ఈ పాత్రను ధరించి ప్రసిద్ధి గాంచినాడు.

అదే సంవత్సరము గ్లోరియా గేనర్ ఈ పాటను, ‘ఐ యామ్ వాట్ ఐ యామ్’ను, డిస్కో నడకపై పాడినది. ఆల్బిన్ పోయినాడు, జార్జ్ పోయినాడు, విసిరిన కేశములు పోయినవి. మా లెక్క ప్రకారము ఇది పెద్ద నష్టము కావలెను. కాలేదు. నాట్యశాలలో వందలమంది ఒక్కసారి చేతులెత్తి ‘నేను’ అనినపుడు, ఆ ‘నేను’ మరల ‘మేము’ అయినది. ఆరంభములోని వినోదపు ‘మేము’ కాదిది. అవమానమును దాటివచ్చిన ‘మేము’. 1981 నుండి ఎయిడ్స్ వ్యాధి ఆ జనములోనే యువకులను బలిగొనుచుండెను. అప్పటికి దానికి చికిత్స లేదు. ఆ రోజులలో ఆ పాటకు ఆడినవారికి నాటకకథ తెలియకపోయినను, ఇంటివారు దాచదలచిన మనిషి ఎవరో చెప్పవలసిన పని లేకపోయినది.

డెసిరే పాట ఆమె ఊపిరిని విడిచి బ్రదుకలేదు. ఆల్బిన్ పాట అతనిని విడిచియు బ్రదికినది. భేదము డోలులో లేదు. మొదటి పాట ఒక స్త్రీ ఒక పురుషునితో చెప్పుకొనిన మాట. మూడవవారు నోరు కలుపరాదు. రెండవ పాట ఒంటరిగా పాడినను, తోడు కొరకు ఎదురుచూచు మాట.

ఇట్టి పాటలను ప్రసారము చేయునపుడు పేరు, గాయకుడు, సంవత్సరము మాత్రము చెప్పి ఊరకుండుట మాకు సులువు. సందర్భమును రెండు వాక్యములలో చెప్పుటకు అర నిమిషము పట్టును. ఆ అర నిమిషమును డెసిరేకు, ‘ఎవీటా’కు తప్పక ఇవ్వవలెనని మేము అనుకొనుచున్నాము. గేనర్ రికార్డుకు ముందు కథ చెప్పినను చెప్పకున్నను సరియే. 2004లోను, 2010లోను ‘లా కాజ్ ఓ ఫోల్’ బ్రాడ్వేలో తిరిగి ప్రదర్శింపబడినది. అప్పటికి ఆ పాట ఇరువది ఏండ్లకు పైగా నాట్యశాలలలో మ్రోగియున్నది. నాట్యశాలలో ఆ స్వరమును ఎరిగి నాటకమునకు వచ్చినవారు, తెర లేవగానే బృందము ‘మేము’ అని ఎత్తుకొనుట విని, ‘నేను’ అను మాట కొరకు అంకమంతయు వేచియుండవలసి వచ్చినది.