పాత బట్టకు కొత్త లెక్క

(పాత బట్టలతోను, దర్జీల వద్ద మిగిలిన ముక్కలతోను విద్యార్థులు తయారుచేసిన దుస్తులు, సంచుల ఆవిష్కరణ సందర్భంగా ఆదోనిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ ఎదుట బల్లలపై ఉన్న వస్తువులను ముందుగా ఒకసారి చూడండి. పాత నేతచీరలు కుర్తాలయ్యాయి. జీన్స్ ముక్కలు బడిసంచులయ్యాయి. రంజాన్ నెలలో దర్జీ దుకాణాల్లో కుప్పపడిన కత్తిరింపులు జానమాజ్ సంచులుగా, పసిపిల్లల బొంతలుగా మారాయి. అంచులు అరిగిన నల్ల బురఖాలు కూరగాయల సంచులయ్యాయి. వీటిలో ఒక్కదానికి కూడా మేము కొత్త తాను కొనలేదు. జిప్పులు, దారం, కొన్ని గుండీలు మాత్రమే కొన్నాము.

వాడి పారేసిన వస్తువును విలువ పెంచి మరో వస్తువుగా మలచడాన్ని నేడు ప్రపంచం అప్‌సైక్లింగ్ అంటోంది. పెద్ద నగరాల్లో దీనికి ప్రత్యేకమైన దుకాణాలు ఉన్నాయి, డిజైన్ కళాశాలల్లో పాఠాలు ఉన్నాయి. అయితే ఈ విద్యను మనకు ఎవరో కొత్తగా నేర్పుతున్నారని పిల్లలు అనుకోరాదు. ఈ సభలో కూర్చున్న నానీలను, దాదీలను అడగండి. గోదడి కుట్టని ఇల్లు వారి కాలంలో ఉండేదా? పాత చీరలను పొరలు పొరలుగా పరచి, నాలుగు అంచులు కలిపి, వరుస కుట్లు వేసి చలికాలానికి సిద్ధం చేసేవారు. ఆ పనికి పేరు లేదు, కూలి లేదు, ప్రదర్శన అంతకన్నా లేదు.

ఇక మన దూదేకుల సోదరుల వృత్తిని గుర్తుచేసుకుందాం. నూర్‌బాషాలని, పింజారీలని, లద్దాఫ్‌లని పిలిచే ఈ ముస్లిం కుటుంబాలు తరతరాలుగా విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగాయి. గట్టిపడిన పరుపును విప్పి, ఉండలు కట్టిన దూదిని ఎండలో ఆరవేసి, వింటినారి మోగుతుండగా మళ్లీ ఏకి, మెత్తబడిన ఆ దూదినే తిరిగి నింపి కుట్టి ఇచ్చేవారు. పాతదానిని పారవేయకుండా కొత్తది చేయడమే వారి జీవనోపాధి. యంత్రాలు వచ్చాయి, నురగ పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కింది. పర్యావరణ పరిరక్షణ అనే మాట వాడుకలోకి వచ్చేసరికి ఆ పనిని శతాబ్దాలుగా చేసినవారు వృత్తిని కోల్పోయి ఉన్నారు. ఈ విషాదాన్ని మనం గమనించాలి.

ఈ ప్రయత్నం ఆదోనిలో మొదలు కావడంలో ఒక ఔచిత్యం ఉంది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో మన ఊరిది ఒకటి. ఇక్కడి జిన్నింగు మిల్లుల్లో గింజ నుండి వేరుపడిన దూది దేశమంతటికీ పోతుంది. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. పడమట సరిహద్దు దాటితే బళ్లారి, దక్షిణాన రాయదుర్గం జీన్స్ కుట్టుపనికి పేరుపడ్డాయి. అంటే పత్తి, నూలు, నేత, కుట్టు అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. అయినా ఈ పశ్చిమ ప్రాంతపు పల్లెల నుండి ఏటా కుటుంబాలకు కుటుంబాలే పత్తి ఏరడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపు వలస పోతున్నాయి. సంపద పుట్టే చోటనే పేదరికం ఎందుకు నిలిచిపోయింది? లాభం ఎక్కడ ఆగుతోందో, శ్రమ ఎక్కడ కరిగిపోతోందో లెక్క చూసుకోకపోవడమే ఒక ముఖ్య కారణమని మేము భావిస్తున్నాము. ఈనాటి మా మాట ఆ లెక్క గురించే.

మన ఆదోని జామియా మసీదును కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో బీజాపూరు రాజ్యపు ప్రముఖుడు, ఆఫ్రికా మూలాలు కలవాడు. అదే సిద్దీ పేరు గల సమాజం నేడు కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ్, యల్లాపుర ప్రాంతాల్లో నివసిస్తోంది. వారిలో ముస్లింలు, హిందువులు, క్రైస్తవులు ఉన్నారు. ఆ స్త్రీలు పాత బట్టలతో కుట్టే కవంద్ అనే బొంతలు నేడు కళాప్రదర్శనల్లో చోటు సంపాదించుకున్నాయి. మన ఇళ్లలోని గోదడికీ దానికీ సూత్రం ఒక్కటే. తేడా ఏమిటంటే, వారి పనిని ప్రపంచం పనితనంగా గుర్తించింది. మన పనిని మనమే ఇంకా గుర్తించలేదు.

గుర్తించకపోవడానికి సిగ్గు ఒక కారణం. తెలుగులో ‘అతుకుల బొంత’ అనే మాటను మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. పాత బట్టలు ఇచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం తప్ప వాటికి మరో విలువ ఉందని మనం తలచలేదు. పేదవాడి ఒంటిపై అతుకు పడితే లోకం లేమి అంటుంది; ధనవంతుడు అదే అతుకును కొని తొడిగితే ఫ్యాషన్ అంటుంది. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ బట్టలు తామే కుట్టుకునేవారని, తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అటువంటప్పుడు అతుకు వేయడంలో మనకు సిగ్గు ఎందుకు?

ఇక పర్యావరణం మాట. ఒక్క నూలు టీషర్టు తయారు కావడానికి సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని ఒక ప్రసిద్ధ అంచనా. తుంగభద్ర కాలువ నీటి కోసం ఎదురుచూసే మన రైతుకు ఆ అంకె బరువు వేరే చెప్పనక్కరలేదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం చెప్పిన దాని ప్రకారం ప్రపంచంలో ప్రతి సెకనుకు ఒక చెత్త లారీ నిండా బట్టలు పూడ్చివేతకో కాల్చివేతకో గురవుతున్నాయి.

అయితే పర్యావరణహితం అనే ముద్ర వేసినంత మాత్రాన ప్రతి వస్తువూ హితమైనది కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దుకాణాల్లో ఇచ్చే పలుచని ప్లాస్టిక్ సంచితో ఒక కొత్త నూలు సంచి సమానం కావాలంటే దానిని 131 సార్లు వాడాలి. పత్తి పండించడానికి, నేయడానికి అయ్యే నీరు, ఎరువు, కరెంటు అటువంటివి. మన సంచికి ఆ భారం చాలావరకు లేదు. ఎందుకంటే ఆ బట్ట ఇప్పటికే చీరగానో చొక్కాగానో ఒక జీవితం గడిపింది. అయినా కొని అలమరలో పెడితే ప్రయోజనం సున్న. బజారుకు తీసుకుపోవాలి, చిరిగితే మళ్లీ కుట్టుకోవాలి.

పిల్లలు మరో నిజాయితీ కూడా పాటించారు. ఏది నూలో, ఏది పాలిస్టరో తెలుసుకోవడానికి పెద్దల సమక్షంలో దారపు పోగును కాల్చి చూశారు. నూలుపోగు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పసిపిల్లల బొంతలకు నూలు మాత్రమే వాడారు. పాలిస్టర్ బురఖా బట్టను తరచుగా ఉతకనక్కరలేని సంచులకు కేటాయించారు; ఉతికిన ప్రతిసారీ దాని నుండి కంటికి కనబడని ప్లాస్టిక్ పోగులు నీటిలో కలుస్తాయి గనుక.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఈ జీన్స్ సంచిని చూడండి. దీనికి జిప్పు, దారం, కరెంటు కలిపి 25 రూపాయలు ఖర్చయింది. పాత ప్యాంటు ఉతకడం, విప్పడం, కత్తిరించడం, కుట్టడం కలిపి రెండు గంటలు పట్టింది. మొదట పిల్లలు దీని ధర 60 రూపాయలని వ్రాశారు. ‘ఎట్లాగూ పాత బట్టే కదా, అంతకన్నా ఎవరు ఇస్తారు?’ అన్నారు. అప్పుడు మేము వారితో కలిసి లెక్క వేశాము. 60లో 25 పోతే 35. రెండు గంటల పనికి 35 అంటే గంటకు 17 రూపాయల 50 పైసలు. ఎనిమిది గంటలు వంగి కుట్టితే రోజుకు 140 రూపాయలు. ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో 2024-25 సంవత్సరానికి నిర్ణయించిన రోజుకూలి 300 రూపాయలు. మట్టి పనికి ఉన్న కనీసపు విలువ మిషన్ మీది నైపుణ్యానికి లేదా? 300 రూపాయల చొప్పున రెండు గంటలకు 75 రూపాయలు, ఖర్చు 25, మొత్తం 100. అందుకే ఆ సంచి మీద ఇప్పుడు 100 అని ఉంది.

ఆ లెక్క పూర్తయిన రోజున ఒక బాలిక కాసేపు మౌనంగా ఉండి, ‘అయితే మా అమ్మకు ఇన్నేళ్లుగా ఎంత రావాలి?’ అని అడిగింది. ఆమె తల్లి ఇంటి వద్దనే ఒక మధ్యవర్తి ఇచ్చే బట్టలు డజన్ల లెక్కన కుడుతుంది. దారం ఆమెదే, కరెంటు ఆమెదే, మిషన్ చెడితే బాగుచేయించేదీ ఆమే. కుట్టు వంకరపోయిందంటూ కోత పెడితే అడిగే దిక్కు లేదు. ఆ ప్రశ్నకు మా వద్ద సిద్ధంగా ఉన్న సమాధానం ఏదీ లేకపోయింది. ఈ ప్రయత్నమంతటికీ ఆ ప్రశ్నే పునాది అని మాత్రం ఆనాడు మాకు అర్థమయింది.

ఆమె ఒంటరి కాదు. 2006లో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, పనిచేసే స్త్రీలందరిలో 51 శాతం ఇంటి వద్ద నుండి పనిచేస్తుంటే, ముస్లిం స్త్రీలలో అది 70 శాతం. ఇంటిలో చేసే పని బయటికి కనబడదు. కనబడని పనికి ధర నిర్ణయించేది ఎప్పుడూ కొనేవాడే. గృహ ఆధారిత కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రానా ప్లాజా కూలి 1,134 మంది మరణించిన తరువాతగాని చవక చొక్కా వెనుక ఎవరు ఉన్నారని ప్రపంచం అడగలేదు. మన ఇళ్లలోని మిషన్ల వెనుక ఎవరు ఉన్నారని అడగడానికి అటువంటి ఘోరం జరగనక్కరలేదు.

ఉన్న హక్కులను ముందుగా అందుకోవాలి. 2021లో మొదలైన ఇ-శ్రమ్ నమోదు 16 నుండి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులందరికీ వర్తిస్తుంది; ఇంట్లో కుట్టే తల్లి కూడా కార్మికురాలే. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఉంది. పద్దెనిమిదేళ్లు నిండి అర్హత పొందినవారికి పనిముట్లకు 15,000 రూపాయలు, తొలి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం లభిస్తాయి. అయితే ఆ 18 వృత్తుల జాబితాలో దూది ఏకే వృత్తి లేదు. బీసీ-బి జాబితాలో దూదేకుల అనే పేరు ఉంది, వృత్తికి ఆసరా ఇచ్చే జాబితాలో ఆ పని లేదు. దానిని చేర్చాలని ఈ వేదిక నుండి మేము కోరుతున్నాము. మీరు కూడా మీ ప్రజాప్రతినిధులను వ్రాతపూర్వకంగా కోరండి.

హక్కు ఒకరు ఇచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదని చెప్పడానికి ఎమ్మిగనూరే సాక్ష్యం. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. నూలు విడివిడిగా అప్పు తెచ్చుకొని, బట్ట విడివిడిగా అమ్ముకునే నేతగాడు దళారి చేతిలో చిక్కుతాడని, అందరూ కలిస్తే ధర చెప్పగలుగుతారని ఆ సంఘం చూపింది. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కులమతాల తేడా లేకుండా కుట్టుపని చేసే స్త్రీలు ఆ మార్గాన్ని ఈనాడు ఎందుకు అనుసరించరాదు? పది మిషన్లు కలిస్తే జిప్పులు టోకున దొరుకుతాయి, ఆర్డరు కాదనే ధైర్యం కూడా వస్తుంది.

తల్లిదండ్రులకు ఒక హామీ. ఇది చదువు మానిపించే పని కాదు. విత్తన పత్తి చేలల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతూ బాల్యం పోగొట్టుకున్న ఆడపిల్లలను ఈ జిల్లా చాలామందిని చూసింది. ఆ చరిత్రను మరో రూపంలో తిరిగి తేవడానికి మేము అంగీకరించము. వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే పని, పరీక్షల నెలలో సెలవు. పిల్లలు నేర్చుకునేది కుట్టు మాత్రమే కాదు. జమాఖర్చు వ్రాయడం, ధర కట్టడం, బేరంలో తలవంచకపోవడం కూడా.

మసీదు కమిటీల పెద్దలకు ఒక విన్నపం. రంజాన్‌లో పేదలకు పంచే వస్తువుల్లో ఈ సంచులను చేర్చండి. దానంగా ఇచ్చే దానిలో కొంత కూలిగా కూడా ఒక ఇంటికి చేరుతుంది. దర్జీ సోదరులారా, కత్తిరింపులను చెత్తలో వేయక ఒక గోనెలో వేసి ఉంచండి, పిల్లలు వచ్చి తీసుకుంటారు. కొనుగోలుదారులారా, దయచేసి జాలితో కొనకండి. కుట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూడండి, బాగులేకపోతే చెప్పండి.

ప్రతి వస్తువుకూ ఒక చీటీ కట్టి ఉంది. దాని మీద బట్ట ఎక్కడిదో, ఖర్చు ఎంతో, ఎన్ని గంటలు పట్టిందో, కూలి ఎంతో పిల్లలు తమ చేతివ్రాతతో తెలుగులోను, ఉర్దూలోను వ్రాశారు. ధర అడిగే ముందు ఆ చీటీ చదవండి. ఇంటికి వెళ్లిన తరువాత, మీ ఇంటిలో మిషన్ తొక్కే అమ్మ, అక్క, వదిన ఎవరున్నా వారి పక్కన కూర్చొని అటువంటి చీటీ ఒకటి వ్రాయండి. మన ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో ఆ చీటీ వ్రాస్తారో, మా పని అంతమేరకు సఫలమయినట్లు భావిస్తాము.