రక్తపరీక్ష - దినదిన భేదములు



మా నస్పూరు బొగ్గుగనుల ప్రాంతము. ఇచ్చట రక్తపరీక్ష యెఱుఁగని యిల్లు అరుదు. గనిపనిలోఁ జేరునపు డొక పరీక్ష. పిమ్మటఁ గొన్నియేండ్ల కొకమాఱు పరీక్ష. పని విరమించిన వృద్ధులు చక్కెర కొఱకు వైద్యశాలకుఁ బోవుచునే యుందురు. చీటి చేతికి రాఁగానే పాతయంకెతోఁ గ్రొత్తయంకెను సరిచూచి యొకరు దిగులుపడుదురు; వేఱొకరు రోగము పోయినదని మందు మానుదురు. రెండును హానికరములే. కావున నారోగ్యవంతుల రక్తమునఁ గలుగు సహజభేదములను గూర్చి నేఁడు మనవి చేసెదను.

రక్తము నిలువనీరు కాదు. గోదావరి మట్టము ఒకనాఁడు జానెడు పెరుగును, ఒకనాఁడు జానెడు తగ్గును. గట్టు దాఁటనంతవఱకు దానిని వరద యని యెవ్వరు ననరు. రక్తమునందలి పదార్థములును అట్టివే.

ఈ మార్పునకుఁ గారణము లనేకములు. మొదటిది వేళ. రక్తములోని యినుము సాధారణముగా నుదయమున హెచ్చుగాను, సాయంకాలమునఁ దక్కువగాను ఉండును. భాస్వరము ప్రొద్దుటఁ దగ్గి, మధ్యాహ్నము పిమ్మటఁ బెరుగును. ఈ భాస్వరమును గొలుచు ప్రసిద్ధవిధానమును 1925లో ఫిస్కే యను శాస్త్రజ్ఞునితోఁ గలసి ప్రకటించినవారు మన తెలుఁగువారగు యల్లాప్రగడ సుబ్బారావుగారే. రెండవది భంగిమ. పరుండినవాఁడు లేచి నిలిచినచోఁ గొంతనీరు రక్తనాళములనుండి వెలుపలికి దిగును. రక్తము చిక్కఁబడి హిమోగ్లోబిన్, కొలెస్టరాల్ కొంచెము హెచ్చుగాఁ గనఁబడును. మూఁడవది శ్రమ. బరువుపని చేసినవెంటనే తెల్లకణములు పెరుగును. రాత్రి షిఫ్టు ముగించి నిద్రలేక వచ్చినవాని యంకెయు, రాత్రి నిద్రించి లేచినవాని యంకెయు నొక్కతీరున నుండవలెనని లేదు.

ఇవన్నియు సమముగా నుంచినను రక్తము కదలుచునే యుండును. హిమోగ్లోబిన్ 14 గ్రాములున్నవానికి ఒకనాఁడు 13.5, మఱొకనాఁడు 14.5 వచ్చుట సహజము. పరగడుపు చక్కెర 100 అయినచో 95 గాని 105 గాని కావచ్చును. ట్రైగ్లిసరైడు లనెడు క్రొవ్వు మఱింత చంచలము. 150 ఉన్నది 120కి దిగవచ్చును, 180కి ఎక్కవచ్చును.

చీటిపై నచ్చువేయు హద్దులును దైవలిఖితములు కావు. సామాన్యముగా నారోగ్యవంతులు 100 మందిలో 95 మంది యంకెలు పడు మేరయే యా హద్దు. తక్కిన 5 గురును రోగులు కారు. ఒకదానితో నొకటి సంబంధము లేని 20 పరీక్షలు చేసినచో, ఆరోగ్యవంతులు 100 మందిలో నించుమించు 64 మందికి ఏదో యొక్కటియైన హద్దు దాఁటును.

అందుచేతనే వైద్యులు మరల పరీక్షింపుఁడని యందురు. అది రుసుము కొఱకుఁ జేయు ఉపాయమని శంకింపరాదు. పరగడుపు చక్కెర 126 మిల్లీగ్రాములు గాని యంతకు మించి గాని యున్నను, లక్షణములు లేనివానికి రెండవ పరీక్షతో నిర్ధారణ చేయవలెననుట నియమము. అట్లే మధుమేహము నిర్ధారితమైనవానికి ఒకనాఁడు 130, మఱొకనాఁడు 122 వచ్చినంతమాత్రమున రోగము తొలఁగినట్లు కాదు. వైద్యుని యనుమతి లేక మాత్రలు మానరాదు.

అయితే ప్రతి మార్పును సహజమని త్రోసివేయుటయు తగదు. హిమోగ్లోబిన్ 14నుండి 11కు దిగుట, చక్కెర 300కు ఎక్కుట గట్టు దాఁటిన వరదలే. ఎదలో నొప్పి, రక్తస్రావము, ఆయాసము కలిగినవారు రెండవ చీటికై వేచియుండక వెంటనే వైద్యునిఁ జూడవలెను.

తక్కినవారు పాటింపవలసినవి స్వల్పములు. సాధ్యమైనంతవఱకు ఒకే పరీక్షాగారమునకు, ఒకే వేళకుఁ బోవుఁడు. ముందునాఁడు బరువుపని మానుఁడు. రక్తమిచ్చుటకు ముందు పావుగంటసేపు కూర్చుండుఁడు. రాత్రి షిఫ్టు చేసినచో నామాట చెప్పుఁడు. చీటీలను తేదీల వరుసను భద్రపఱచి వైద్యునకుఁ జూపుఁడు. ఒక్క చీటి యానాఁటి సంగతి మాత్రమే చెప్పును. వరుసగాఁ బేర్చిన నాలుగు చీటీలు దేహము నడచుచున్న దారిని జూపును.