'ఆ' నుంచి 'ది' వరకు

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థిని ఎక్కువ కాలం తికమక పెట్టే మాట 'ది'. దీనిని వ్యాకరణవేత్తలు నిర్దిష్ట ఉపపదమంటారు. బడిపిల్లలకు 'ఆర్టికల్' అంటేనే తెలుస్తుంది. ఇటువంటి మాట లేకపోవడం తెలుగుకొక లోటని భావించేవారూ ఉన్నారు. దాని పుట్టుపూర్వోత్తరాలు పరిశీలిస్తే ఆ భావానికి ఆధారం కనిపించదు.

సంస్కృతంలోని స, సా, తత్ అనే సర్వనామాలకు ప్రాచీన గ్రీకులో హొ, హే, తొ అనేవీ, ప్రాచీన ఆంగ్లంలో సే, సేఓ, థ్యాట్ అనేవీ జ్ఞాతులు. హోమర్ కావ్యాలలో 'హొ' ఎక్కువగా 'అతడు', 'ఆ' అనే అర్థాలనే ఇస్తుంది. ఏథెన్సు గద్యం నాటికి అది నామవాచకం ముందు నిలిచే ఉపపదంగా స్థిరపడింది. వేలెత్తి చూపే మాట, వినేవానికి ముందే తెలిసిన వస్తువును స్ఫురింపజేసే మాటగా పలచబడిందన్నమాట. ఆంగ్లంలోనూ అంతే: లింగవిభక్తి భేదాలన్నీ రాలిపోయి 'ది' ఒక్కటే మిగిలింది, చూపే పని 'దట్'కు దక్కింది. సంస్కృతం ఆ దారి పట్టలేదు. అందువల్ల కాళిదాసుకు ఏమి కొరత పడింది?

లాటిన్‌లోనూ ఉపపదం లేదు. 'ఆ' అనే అర్థమిచ్చే దాని 'ఇల్లె' నుంచే స్పానిష్ 'ఎల్' వచ్చింది. రుమేనియన్ భాష దానిని పదం చివర అతికించుకున్నది: 'లుప్' అంటే తోడేలు, 'లుపుల్' అంటే తెలిసిన తోడేలు.

మన తూర్పు రాష్ట్రాల భాషలు వేరొక మార్గాన నడిచాయి. శ్రోతలలో బెంగాలీ ఎరిగినవారికి ఇది కొత్త కాదు. 'బోయి' అంటే పుస్తకం. 'బోయిటా' అంటే ఫలానా పుస్తకం. ఈ 'టా' లెక్కించేటప్పుడు సంఖ్యకు చేరే ప్రత్యయం. 'దుటో బోయి' అంటే ఏవో రెండు పుస్తకాలు. వరుస మార్చి 'బోయి దుటో' అంటే, తెలిసిన ఆ రెండూ. 'టా' బదులు 'టి' చేరిస్తే కొంత ఆప్యాయత కూడా ధ్వనిస్తుంది. ఇంగ్లీషు 'ది'కి ఆ సౌలభ్యం లేదు! ఒడియా 'బహిటి', అస్సామీ 'లొరాటొ' (ఆ అబ్బాయి) ఈ కోవకు చెందినవే.

తెలుగు విభక్తితో ఈ పని కొంత నెరవేర్చుకుంటుంది. 'పుస్తకం తెచ్చాడు' అంటే ఏదో ఒక పుస్తకం కావచ్చు. 'పుస్తకాన్ని తెచ్చాడు' అంటే ఏ పుస్తకమో వినేవాడు సాధారణంగా ఎరుగును. అనువాదకులు 'ది' కనబడినచోటల్లా 'ఆ' చేర్చడం వల్ల వాక్యం కుంటుపడుతున్నది. 'ఆ సూర్యుడు ఉదయించాడు' అని రాస్తే పాఠకుడు రెండవ సూర్యుని వెతకవలసి వస్తుంది. బెంగాలీ నుంచి అనువదించేటప్పుడు కూడా కర్మస్థానంలోని 'బోయిటా'కు చాలాచోట్ల 'పుస్తకాన్ని' అంటే సరిపోతుంది.