చీకటి కొట్టుకు 14 రోజుల లెక్క

మన శిరివెళ్లకు అంత దూరమేమీ కాని కోయిలకుంట్లలో 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోటకు వేలాడదీశారు. జనం చూసి జడుసుకోవాలని!

అప్పటికే ఆ దొరలు సొంత గడ్డపై ఎవరికీ కనబడని శిక్ష మొదలుపెట్టారు. 1842లో లండన్‌లో పెంటన్‌విల్ జైలు తెరిచి, ఖైదీలను ఒక్కొక్కరిగా గదుల్లో మూశారు. ఒంటరిగా ఉంటే పశ్చాత్తాపం పుడుతుందట. దానికి సంస్కరణ అని పేరు! కొందరికి మతి చలించింది.

1860 శిక్షాస్మృతి ఆ కొట్టును మనకూ తెచ్చింది. మొత్తం మూడు నెలలు, ఒక్క విడతకు 14 రోజులు మించరాదని రాసుకుంది. మనిషి తట్టుకోలేడని రాసినోళ్లకే తెలుసన్నమాట. ఉరిశిక్ష పడ్డ ఖైదీనైనా జైలు అధికారులు తమంతట తాము ఒంటరి కొట్టులో వేయరాదని 1978లో సునీల్ బత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

2024లో తెల్లోడి చట్టం పోయిందన్నారు. కొత్త సంహిత 11, 12 సెక్షన్లలో అదే కొట్టు, అవే 14 రోజులు. ఎందుకుంచారని అడుగుతున్నాం.