గోడ యున్నదని కావలి మానరాదు



ఒక మండువాయింటిని గదులుగా విభజించి పలువురికి అద్దెకిచ్చుట మీరెరిగినదే. నేడు కంప్యూటరునందును అట్లే చేయుచున్నారు. ఆ గదులకు కంటైనర్లని పేరు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ప్రోగ్రాము పని చేయును. 2013లో డాకర్ అను సాధనము వెలువడిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. కాని గదులు వేరైనను పునాది యొక్కటియే. దానిని కెర్నెల్ అందురు. అపాయమునకు మూలమిదియే.

గదులను తెరచి నడిపించు కావలివాని వంటిది రన్‌సీ అను సాధనము. 2019 ఫిబ్రవరిలో దానియందొక లోపము బయటపడినది. గదిలో చేరిన దుష్ట ప్రోగ్రాము ఆ కావలివానినే మార్చివేసి, ఇంటి యజమాని యధికారమును చేజిక్కించుకొనగలదని తేలెను. నిపుణులు దానిని సవరించిరి. సవరించిన కూర్పును చేర్చుకొననివారికి మాత్రము భయము తీరలేదు.

2018లో వెల్లడియైన టెస్లా సంస్థ యుదంతము వేరు. అచట లోపము తాళమునందు కాదు, తాళమే లేదు. కుబర్నెటీస్ అను పర్యవేక్షణ ద్వారమునకు సంకేతపదము పెట్టలేదు. చొరబడినవారు ఆ యంత్రముల శక్తితో తమకు డిజిటల్ నాణెములు సంపాదించుకొనిరి. పట్టుబడకుండుటకై కొంచెము కొంచెముగనే వాడుకొనిరి.

కావున నేను మనవి చేయునది యిది. మీ సహకార సంఘము లెక్కలు కంప్యూటరున కెక్కినచో, దానిని నడుపువారిని నాలుగు ప్రశ్నలడుగుడు: సవరణలు వెంటనే చేర్చుచున్నారా? ఏ ప్రోగ్రామునకైనను అక్కరకు మించిన యధికార మిచ్చితిరా? ఊరుపేరు తెలియనివారి సరకును లోనికి రానిచ్చితిరా? ప్రతి ద్వారమునకును తాళమున్నదా?

అడుగుటకు ఇంగ్లీషు చదువక్కరలేదు. సొమ్ము మనదైనప్పుడు అడుగుట మన విధి.