గాయాల వైద్యం: గోదావరి డెల్టాలో ఆస్పత్రి ఖర్చు ఎవరిపై ఎంత

గాయానికి అయ్యే ఖర్చును మూడు చోట్ల లెక్కకట్టవచ్చు. ఆస్పత్రికి నిజంగా అయినది ఒకటి, ప్రభుత్వమో బీమా కంపెనీయో ఆస్పత్రికి చెల్లించే ప్యాకేజీ ధర ఇంకొకటి, గాయపడ్డవారి ఇంట్లోంచి పోయినది మరొకటి. మొదటి రెండూ కాగితాల మీద దొరుకుతాయి. మూడోది దొరకదు. ఒక వర్గానికీ మరో వర్గానికీ తేడా తేలేది మాత్రం అక్కడే.

2017-18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, కాన్పులు మినహాయిస్తే, ఒకసారి ఆస్పత్రిలో చేరినప్పుడు అయ్యే సగటు వైద్య ఖర్చు దేశంలో ప్రభుత్వ ఆస్పత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఇది అన్ని జబ్బులకూ కలిపిన సగటు. మోకాలి నొప్పికి ఏ ఆస్పత్రి మంచిదో నలుగురినీ అడిగి వెళ్లవచ్చు. గాయానికి ఆ వ్యవధి ఉండదు. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చిచెప్పింది. ప్రాణం నిలిచాక చేతికొచ్చే బిల్లు సంగతి వేరు.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడి గాయం దీనికి మంచి ఉదాహరణ. చెట్టంత ఎత్తునుంచి కాళ్ల మీద పడితే మడమ ఎముక చితుకుతుంది. అదే దెబ్బకు నడుము దగ్గర వెన్నుపూస కూడా నలగవచ్చు. మడమ వాపు కంటికి కనిపిస్తుంది గనుక కట్టు పడుతుంది, వెన్ను సంగతి ఎక్స్‌రే, స్కానింగు తీస్తేగాని బయటపడదు. రాడ్లూ స్క్రూలూ వేసే ఆపరేషను ఆరోగ్యశ్రీలో జరిగిపోవచ్చు. 2007లో మొదలై ఆ ఏడాది చివరికే ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చిన ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. అయితే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడితే అసలు ఖర్చు డిశ్చార్జి తర్వాతే: మూత్రం గొట్టం మార్పించడం, పడక పుండ్లకు డ్రెస్సింగు, ఫిజియోథెరపీ, కూలి మానుకుని పక్కన కూర్చునే భార్య. 2019 డిసెంబరులో తెచ్చిన ఆరోగ్య ఆసరా ఈ లోటును కొంత గుర్తించింది. కోలుకునే కాలానికి రోజుకు 225, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చింది. ఇక కోలుకోడని తేలినవాడి లెక్క అందులో ఇమడదు.

పనిలో గాయపడినవారి వాస్తవ వైద్య ఖర్చు యజమానే భరించాలని 1923 నాటి పరిహార చట్టానికి 2009లో సవరణ వచ్చింది. మంచి సవరణే. ఇవాళ ఒక తోటలో, రేపు ఇంకో తోటలో దింపేవాడికి యజమాని ఎవరన్నదే చిక్కు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి ఆ ప్రశ్న కూడా పుట్టదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమా కొబ్బరి చెట్టెక్కేవారి ఆస్పత్రి ఖర్చుకూ వర్తిస్తుంది, కానీ అందులో పేరు నమోదైన వారికే. మిల్లు కార్మికుడి స్థితి మెరుగు. నెలజీతం 21,000 రూపాయలకు లోబడి ఈఎస్ఐలో ఉన్నవాడికి వైద్యంతోపాటు, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో దాదాపు 90 శాతం అందుతుంది. ఒకే ఊళ్లో ఒకే రకంగా తొడ ఎముక విరిగిన ఇద్దరికి ఇంత అంతరం.

పదహారో నంబరు జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాల దారి వేరు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలవారే. తలకు దెబ్బ తగిలితే ఖర్చంతా ఐసీయూలో రోజులను బట్టి పెరుగుతుంది. 2025 మే నెలలో అమల్లోకి వచ్చిన నగదు రహిత చికిత్స పథకం లక్షన్నర రూపాయల వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజులకు వర్తిస్తుంది. వెంటిలేటరు మీదున్నవాడికి ఎనిమిదో రోజూ ఉంటుంది. వేరే బండి గుద్దితే థర్డ్ పార్టీ బీమా నుంచి ట్రిబ్యునల్ ద్వారా పరిహారం రాబట్టుకోవచ్చు, బిల్లులు దాచుకుని ఉంటే. తనంతట తాను జారిపడితే అదీ లేదు. బండి యజమాని తప్పనిసరిగా తీసుకోవలసిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికీ శాశ్వత వైకల్యానికీ తప్ప ఆస్పత్రి బిల్లుకు పనికిరాదు. చాలామందికి ఈ సంగతి బిల్లు కట్టేటప్పుడే తెలుస్తుంది.

ఇంట్లో జరిగే గాయాలకు ఈ బీమాలేవీ అక్కరకు రావు. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన ముసలావిడకు ఆపరేషను ఆలస్యమైన కొద్దీ న్యుమోనియా, పడక పుండ్లు తోడై ఖర్చు పెరుగుతుంది. గంజో మరిగిన నీళ్లో మీదపడిన పసిపిల్లలకూ, వంటింట్లో కాలిన స్త్రీలకూ వారాల తరబడి డ్రెస్సింగులు, ఆపై చర్మం అతికించడం. కాలిన గాయం ఒక్క ఆపరేషనుతో తీరేది కాదు గనుక ఒక్క ప్యాకేజీలో ఒదగదు.

రంపచోడవరం మన్యం నుంచి వచ్చేవారికి ఆస్పత్రిలో వైద్యం ఉచితమే అయినా, కొండ మీది గూడెం నుంచి రోడ్డు దాకా డోలీ, అక్కడినుంచి రాజమహేంద్రవరమో కాకినాడో, మళ్లీ కట్టు విప్పించుకోవడానికి రావడం. ఈ రాకపోకల ఖర్చుకే భయపడి రెండోసారి రానివాళ్ల విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంటుంది.

వర్గాలవారీ లెక్క తీయాలంటే ఆస్పత్రి రికార్డు ఒక్కటే చాలదు. ప్యాకేజీ ధర చేసిన ఆపరేషనును బట్టి ఉంటుంది. రోగి తాటిచెట్టు మీంచి పడ్డాడా, లారీ గుద్దిందా అన్నది దాన్ని మార్చదు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో గాయానికి ఎస్, టి అక్షరాల సంకేతాలున్నట్టే, గాయానికి కారణానికి వి నుంచి వై వరకు సంకేతాలున్నాయి. చేర్చుకునేటప్పుడే వీటినీ, రోగి వృత్తినీ రాసుకోవాలి. కాకినాడ రంగరాయ, రాజానగరం జీఎస్ఎల్, 2023లో మొదలైన రాజమహేంద్రవరం ప్రభుత్వ వైద్య కళాశాల, మూడింటి విద్యార్థులూ పాఠ్యక్రమంలో భాగంగా కుటుంబాలను దత్తత తీసుకుంటున్నారు. ఆ కుటుంబాల్లో ఎవరైనా గాయపడితే ఆరు నెలల తర్వాత వెళ్లి, ఎంత అప్పయింది, ఏ వడ్డీకి తెచ్చారు, ఎవరు పని మానేశారు అని రాసుకొస్తే మూడో లెక్క దొరుకుతుంది.