పాటపెట్టెను మార్చుకొనునప్పుడు



మన పిల్లలలో కొందరు ఆంప్లిఫయరులను స్వయముగా నిర్మించుకొనుచున్నారు. చక్కగా మ్రోగుచున్న పెట్టెను ఇంకను మెరుగుపరుపబోయి, ఉన్న భాగమునే కాల్చుకొనుట తరచుగా జరుగుచుండును. దీనికి ముఖ్యకారణములు మూడు.

స్విచ్చి కట్టివేసినను పెద్ద కెపాసిటరులలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. తగిన రెసిస్టరు ద్వారా దానిని ఖాళీచేసిన పిదపనే టంకము పట్టవలెను.

2ఎన్3055 ట్రాన్సిస్టరునకు లోహపు ఒడలే కలెక్టరు. దానిని చల్లబరచు రేకునకు బిగించునప్పుడు నడుమ అభ్రకపు బిళ్ళ మరచినచో షార్టగును. మన గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకమే అది!

మూడవది మన భేస్తాన్‌వారు ప్రత్యేకముగా గమనింపదగినది. సూరత్ సీమ కృత్రిమ వస్త్రములకు నెలవు. పొడిగాలిలో అట్టి వస్త్రముల రాపిడివలన దేహమునకు వేల వోల్టుల స్థిరవిద్యుత్తు చేరవచ్చును. ఐఆర్ఎఫ్540 మాస్‌ఫెట్టు గేటు భరించునది 20 వోల్టులే. కావున ఎర్తు చేసిన లోహమును తాకి, పిదపనే దానిని ముట్టవలెను.

మార్పు ముగిసిన పిదప మొదటిసారి 60 వాట్ల బల్బును సీరీసులో ఉంచి కరెంటు ఈయవలెను. బల్బు ప్రకాశవంతముగా వెలుగుచునే యున్నచో లోపమున్నదని గ్రహించి వెంటనే కట్టివేయుడు. 230 వోల్టులతో పని గనుక పెద్దలు ప్రక్కనుండుట అవసరము.

తల్లిదండ్రులకొక మనవి. కాలిన భాగము అంగడిలో దొరకును. మందలింపుతో చల్లారిన కుతూహలము దొరకదు. పిల్లవానిని గద్దింపక, ఏది కాలినదో, ఏల కాలినదో వానిచేతనే చెప్పింపుడు.